కంప కమ్మకముందు

తొలకరి పడిన వారానికి మా జేజి బీడుకు బయలుదేరేది. గంప ఎత్తుకునేది కాదు, చీరకొంగునే ఒడిగట్టుకునేది. నేను వెనకాలే. ఊరికీ గుట్టకూ నడుమనున్న ఆ నేలకు వేరే పేరేమీ లేదు, అందరికీ అది బీడే. పాపాఘ్ని పోయి పెన్నలో కలిసే తావుకు దగ్గర్లో, కమలాపురం చుట్టుపక్కల పల్లె మాది. 1970ల చివర్లో నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు.

జేజి నడుము వంచిందంటే ఒడి నిండేదాకా ఎత్తేది కాదు. చెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు, పాయలాకు, తగిరిశాకు, గలిజేరు... పేరు పలుకుతూ ఒక్కో కొస గిల్లి వేసుకునేది. నేను తొందరపడి వేరుతో పెరికితే కోప్పడేది. "కొస గిల్లు పాపా. మొదలే పెరికితే వచ్చే వారం ఏం తింటావు?" అనేది. ఆ కలగూరంతా కందిబేడల్లో ఉడికించి ఎనిపి, వేడి రాగిసంగటి ముద్ద పక్కన పెట్టేది. ఆ రుచికి ఒక ఆకు పేరు చెప్పలేం. ఏ రెండు వారాలూ ఒకే తీరుగా ఉండేది కాదు. వాన ఎక్కువైతే ఒక ఆకు ముందుకొచ్చేది, ఎండ కాస్తే ఇంకొకటి.

పిల్లలకు కావలసినవి వేరే ఉండేవి. పసుపురంగు బలుసుపండ్లు, పులుపు పరిక్కాయలు, పెదవులకు పాలు అంటుకునే కలివిపండ్లు. ఆరుద్ర కార్తెలో ఎర్రమఖమల్ లాంటి పురుగులను అగ్గిపెట్టెల్లో పోసుకునేవాళ్ళం. పండ్లు తోముకోవడానికి ఉత్తరేణి వేరు. తంగేడు పూస్తే బీడు బీడంతా పసుపు. ఆ తంగేడు పట్టను తోళ్ళు ఊనడానికి కొట్టుకొని పోయేవాళ్ళు. వెంపలి కోసి మడిలో తొక్కితే అదే ఎరువు. గుట్ట వారన బోదగడ్డి ఇళ్ళ పైకప్పులకు. పనికిరాని మొక్క ఒక్కటైనా ఉందా అని ఇప్పుడు వెతికి చూసినా తోచదు. పల్లేరు కాళ్ళకు గుచ్చుకుంటుందని తిట్టుకునేవాళ్ళం, జేజి దాన్ని కూడా మందుకని ఏరి ఎండబెట్టేది.

బీడు నడుమ ముసలి జమ్మి ఒకటి ఉండేది. దసరాకు ఊరంతా అక్కడికే. మేకలకాపరి కూడు తినేదీ దాని నీడనే. ఆ నీడలో గడ్డి మోకాలెత్తు పెరిగేది. మా చేలో ఉన్న జమ్మి చుట్టూ కొర్ర మిగతా చేనుకంటే పచ్చగా ఉండేది. అందుకే నాయన దాని కొమ్మలు నరికేవాడే గానీ మొదలు ముట్టేవాడు కాదు.

సర్కారు కంప అనే ముళ్ళచెట్టు అప్పటికే ఊరికి వచ్చి ఉంది. అయితే చెరువుకట్ట కింద, వంక ఒడ్డున మాత్రమే. సర్కారు అన్న మాట ఎందుకొచ్చిందో చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. 1876లో మద్రాసు అటవీ శాఖ అధికారి బెడ్డోమ్ ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877లో నాటిన చోటు మా కమలాపురమే. ధాత కరువు జనాన్ని మింగుతున్న కాలమది. వానలేని నేలలో వంటచెరుకు పుట్టించే చెట్టు కావాలనుకున్నారు. ఆ కోరిక తప్పని నేను అనలేను. కంప వచ్చాకే పొయ్యిలోకి పుల్లకు వెతుకులాట తగ్గిందని జేజి స్వయంగా చెప్పేది. కరువేళ్ళలో మా వీధిలో రెండు ఇండ్లు కంపమొద్దులను పేర్చి, పచ్చాకు కప్పి, మన్ను మెత్తి, బొగ్గులు కాల్చుకొని బతికాయి. తెల్లటి పొగ సన్నబడి నీలిరంగుకు తిరిగేదాకా రాత్రుళ్ళు కావలి కూర్చునేవాళ్ళు. వాళ్ళకు అన్నం పెట్టిన చెట్టును తిట్టాలంటే నోరు రాదు.

కానీ మేకలు ఆ తియ్యటి కాయలు తిన్నాయి. పైపొట్టు గట్టి గింజలు కడుపులో అరగకుండా, మొలవడానికి మరింత సిద్ధమై, పెంటికల్లో బీడంతా పడ్డాయి. ఎరువుతో సహా విత్తినట్టే. నరికితే మొదట్లోంచి పది చువ్వలు లేచాయి. నేను చదువుకని ఊరు విడిచే నాటికి కంప వంక దాటింది. పెళ్ళయి రెండోసారి పుట్టింటికి వచ్చేసరికి బీడుకు దారి లేదు. మాఘమాసంలో మిగతా పొదలన్నీ ఆకు రాల్చి మోడుగా ఉంటే కంప ఒక్కటే పచ్చగా ఉంది. దూరం నుంచి చూసినవాళ్ళు ఊరు పచ్చబడిందని సంతోషపడతారు.

కొడవలితో దారి చేసుకొని లోపలికి పోయి చూశాను. కంప కింద నేల బోసిగా ఉంది. ఎండిన సన్నాకు పరుపులా పడి ఉంది. వేరే గింజలను మొలవనియ్యని రసాయనాలు ఆ ఆకులో ఉంటాయి. పైన ముసురుకున్న కొమ్మలు, కింద తడినంతా లాగేసే వేర్లు. చెంచలాకు, గురుగాకు ఒక వాన రెండు వానలు ఆశపడి మొలుస్తాయి, ఎండ తగలక పోతాయి. ఒక మొక్క పోతే దాని మీద బతికే పురుగూ, పిట్టా పోతాయి. మా జిల్లాలోనే సిద్ధవటం వైపు పల్చటి పొదల్లో, ఎనభై ఏళ్ళకు పైగా కనిపించని కలివికోడి 1986లో మళ్ళీ దొరికింది. పొదకూ పొదకూ నడుమ ఖాళీ నేల ఉంటేనే తిరిగే పక్షి అది. మా బీడులో పిల్లి దూరే సందు కూడా లేదు.

నన్ను కలతపెట్టేది ఇంకొకటి ఉంది. సర్కారు కంప జమ్మికి పరాయిది కాదు, దాయాది. వృక్షశాస్త్రం చాలాకాలం రెండింటినీ ఒకే ప్రజాతిలో ఉంచింది. వాయవ్య భారతంలో రెండింటి నీడలనూ పోల్చిన పరిశోధన 2012లో వెలువడింది. జమ్మి కింద ఇతర మొక్కల రకాలు పెరిగాయి, కంప కింద తగ్గాయి. మేకలకాపరికి ముందే తెలిసిన సంగతి అది, ఆయన కూడు తినడానికి ఏనాడూ కంప కింద కూర్చోలేదు.

జేజి పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఆకుల పేర్లు నా పిల్లలకు చెప్పాను. చూపించడానికి మొక్కలు లేక, పలికించడం వరకే చేయగలిగాను.

పోయిన వానాకాలం తమ్ముడూ నేనూ ముసలి జమ్మి చుట్టూ ఇరవై అడుగుల మేర కంపను మొదళ్ళతో తవ్వించాము. నరికించలేదు, తవ్వించాము. తెగిన మొదలు మళ్ళీ చిగురిస్తుంది. రెండు వానల తరువాత మొదట గరిక, ఆ వెనక తగిరిశ, ఒక మూల గలిజేరు లేచాయి. చెంచలాకు ఇంకా రాలేదు.

మీ ఊరి బీడులో తంగేడు ఇంకా పూస్తుంటే తొలకరి వారంలో ఒక పూట అక్కడికి పోండి. పెంటికల పక్కన రెండాకులతో లేచిన కంపమొలక చేత్తో లాగితే వేరుతో వస్తుంది. ఆ పని ఈ వానకే చేయండి, వచ్చే ఏటికి గడ్డపార కావలసి వస్తుంది.