అమ్మ అంగిలి

రాత్రి పడుకోబోయే ముందు అమ్మ నోట్లోంచి ప్లేటు తీసి, కడిగి, మూతున్న గిన్నెలో నీళ్లు పోసి అందులో వేస్తుంది. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడదు. ప్లేటు లేకపోతే గాలంతా ముక్కులోకి పోతుంది. 'ప' అనబోతే 'మ' వస్తుంది. నన్ను "పాపా" అని పిలిస్తే "మామా" అని వినిపిస్తుంది. తమ్ముడి పిల్లలు నవ్వుతారని ఆమె భయం.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరి ఊరు. అమ్మ అడ్డపొగ తాగేది. అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. నీళ్లలో నిలబడి గోగునార తీసేటప్పుడు రెండు చేతులకూ పనే. నిప్పు నోట్లో ఉంటే గాలికి ఆరదు, నీటికి తడవదు. అమ్మమ్మను చూసి నేర్చుకుంది. నేను కాలేజీలో చేరాక, ఆ చుట్ట చూస్తారని స్నేహితురాళ్లను ఇంటికి తీసుకురావడం మానేశాను.

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడింది. అందులో నూటికి 43.8 మంది అడ్డపొగ తాగేవాళ్లే. అప్పటికి విజయనగరం జిల్లా ఏర్పడలేదు. ఈ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికి. అందుకే మరోచోట అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ మన తల్లులకు వచ్చింది. ఈ లెక్కలు నేను చదివింది అమ్మకు జబ్బు చేశాకే. అంతకుముందు అది నాకు మా ఇంటి సిగ్గు మాత్రమే.

అంగిలి సగానికి పైగా తీసేయాలన్నారు. నోటికీ ముక్కుకీ మధ్య గోడ పోతుంది, గంజి తాగినా ముక్కులోంచి వస్తుంది. ఆ కన్నం మూయడానికి రెండు దారులు చెప్పారు. ఒకటి, తీసి పెట్టుకునే ప్లేటు. రెండోది, ముంజేతి చర్మాన్ని రక్తనాళాలతో సహా తీసి నోట్లో అతికించడం. 1981లో చైనా వైద్యులు ప్రపంచానికి తెలియజేసిన పద్ధతి అది. ప్లేటు తీస్తే లోపల జబ్బు తిరగబెట్టిందేమో చూడొచ్చు, ఆపరేషన్ చిన్నది. చర్మం అతికిస్తే రోజూ తీసి పెట్టుకునే బాధ ఉండదు. దేని మంచి దానిదే.

డాక్టరు ఇదంతా చెప్పింది తమ్ముడికి. అమ్మ పక్కనే కూర్చునుంది. "పనిచేసే చెయ్యి సార్, అది పాడైతే ఎలా?" అన్నాడు వాడు. నేను తలూపాను. స్త్రీల గొంతు గురించి సభల్లో పేపర్లు చదివే నేను, అమ్మ వైపు తిరిగి "నీకేటి కావాలమ్మా?" అని అడగలేదు.

ఆపరేషనై, రేడియేషనై, ప్లేటు అమరాక, ఓ రోజు గిన్నె కడుగుతూ అంది: "సెయ్యి పని సెయ్యాల, సరే. నోరేటి, పని సెయ్యదేటి?"

నా దగ్గర జవాబు లేదు. చెయ్యి ఇంటిది, పొలానిది. నోరు ఆమె ఒక్కతెది. అందుకే దాని గురించి ఎవరమూ ఆలోచించలేదు. తమ్ముడిది చెడ్డ మనసు కాదు. నాదీ కాదు. చెడ్డ మనసు లేకుండానే ఆ పని జరిగిపోయింది.

గాయం మానేకొద్దీ లోపలి ఆకారం మారుతుంది, ప్లేటు వదులవుతుంది. కొత్తది చేయించడానికి వెళ్లినప్పుడు, చేతి చర్మంతో ఇప్పుడైనా మూయొచ్చా అని అడిగాను. వీలవుతుందేమో చూడొచ్చంటూ డాక్టరు నావైపే చూశారు. "అమ్మకు చెప్పండి" అన్నాను. ఆయన కుర్చీ ఆమె వైపు జరుపుకుని మళ్లీ మొదటినుంచీ చెప్పారు. అమ్మ చాలాసేపు ప్రశ్నలడిగింది. ఎన్నాళ్లు పడుకోవాలి, చెయ్యి ముడుచుకుంటుందా, పచ్చడి తినొచ్చా.

చివరికి "నాకొద్దు బాబూ, కొత్త పలేటే సెయ్యండి" అంది.

మేము ఎంచిందే ఆమే ఎంచింది. అయినా ఇది వేరు. బస్సులో దారంతా ఆమే మాట్లాడుతూ ఉంది.