బండి మీద బండి!

మోటారు సైకిలు మనల్ని మోస్తుంది. దాన్నే మనం మోసుకుంటూ వెళ్లాల్సిన ఊరు ఒకటుంది. అమెరికాలో, యూటా రాష్ట్రంలోని మోయాబ్. మేముండే సాల్ట్‌లేక్ సిటీ నుంచి దాదాపు 380 కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం. అక్కడి రాళ్లమీద తిప్పే డర్ట్ బైకులకు లైట్లుండవు, నంబరు ప్లేటుండదు. హైవే ఎక్కే యోగం లేదు. ఏటీవీ... అదే, లావుపాటి టైర్లతో పొట్టిగా ఉండే నాలుగు చక్రాల బండి... మాదాని పరిస్థితీ అంతే. అందుకే శుక్రవారం సాయంత్రమైతే చాలు, మా వీధిలో ఎవరో ఒకరు పికప్ ట్రక్కు తొట్టిలోకి బండి ఎక్కిస్తూ కనిపిస్తారు.

చూడ్డానికి తమాషాగానే ఉంటుంది. కానీ మూడేళ్ల కిందట మా తమ్ముడు కాలర్ ఎముక విరగ్గొట్టుకున్నది మోయాబ్ కొండల్లో కాదు, మా ఇంటి గుమ్మం ముందే!

ఏటీవీ బరువు మూడొందల కిలోలు. ట్రక్కు వెనక తలుపు దించి, రెండు అల్యూమినియం ర్యాంపులు ఆనించి, బండెక్కి కూర్చుని రయ్యిమని తోలాడు. ముందు చక్రాలు తొట్టిలోకి వెళ్లాయి. వెనక చక్రాలు ర్యాంపు మీదికి వచ్చాయో లేదో, ఇంజను ఊపుకి అవి ర్యాంపునే వెనక్కి తన్నేశాయి. ర్యాంపు జారింది, బండి వెనక్కి తిరగబడింది. వాడు పక్కకి పడ్డాడు కాబట్టి ఎముకతో పోయింది. ర్యాంపుని ట్రక్కు చట్రానికి కట్టడానికి పట్టీలుంటాయి. ఆరోజు అవి విప్పని ప్యాకెట్లో భద్రంగా ఉన్నాయి. కట్టడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ తర్వాత వాడు మళ్లీ మోయాబ్ మాటెత్తలేదు.

కిందటి అక్టోబరులో నాన్న తెనాలి నుంచి వచ్చారు. ఆయనకి ఆ ఎర్రకొండలు చూపించాలన్న వంకతో తమ్ముణ్నీ బయల్దేరదీశాను. నా ట్రక్కులో రెండు డర్ట్ బైకులు, ఓ మిత్రుడి ట్రక్కులో ఏటీవీ. యూటా ప్రభుత్వ భూముల్లో ఇవి తోలాలంటే 2023 నుంచి పెద్దవాళ్లు కూడా ఆన్‌లైన్ పాఠం పూర్తిచెయ్యాలి. అది చేశాం. ఎక్కించే పాఠం మాత్రం మేం ముందే నేర్చుకున్నాం, ఫీజు గట్టిగానే కట్టి.

ట్రక్కుని వీధిలో ఆపి, ర్యాంపు కింది కొస వాలుగా ఉన్న మా ఇంటి దారిమీద ఆనేలా పెట్టాం. ఎత్తు తగ్గితే సగం భయం తగ్గినట్టే. డర్ట్ బైకుని ఎక్కి తోలక్కర్లేదు, పక్కన నడుస్తూ నెట్టుకెళ్లొచ్చు. కాకపోతే ర్యాంపు చివరికొచ్చేసరికి బండి పైనా మనం కిందా అవుతాం, అందుకే పక్కనో స్టూలు. ముందు చక్రం తొట్టి గోడకి ఆనాక గేరులో పెట్టి, హ్యాండిల్ కింద ఫోర్కులు కలిసేచోట మెత్తటి నాడా తగిలించి, రెండువైపులా పట్టీలు ముందుకీ కిందకీ లాగి బిగించాలి. ముందు స్ప్రింగులు సగం అణగాలి. మరీ అణిస్తే ఫోర్కుల్లో ఆయిల్ సీళ్లు పాడవుతాయి. వెనక మరో రెండు పట్టీలు. సైడు స్టాండు వెయ్యకూడదు, బండి పట్టీల బలంమీదే నిటారుగా నిలబడాలి. ఏటీవీని మిత్రుడు ఎక్కించాడు. తమ్ముడు దూరంగా గరాజ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

దారిలో సోల్జర్ సమ్మిట్ అనే కనుమ దాటాలి. ఎత్తు 2,279 మీటర్లు. దిగాక హెల్పర్ అని చిన్న ఊరు. వెనకటికి రైళ్లు ఆ ఎత్తు ఎక్కలేకపోతే తోడు ఇంజన్లు ఇక్కడ తగిలించేవారు, ఊరికి ఆ పేరే ఉండిపోయింది. పెట్రోలు బంకు దగ్గర ఆగి మేం కాఫీకి వెళ్తుంటే నాన్న మాత్రం ట్రక్కు చుట్టూ తిరుగుతున్నారు.

‘‘ఏరా అబ్బాయ్, ఈ కొక్కెం ఊడింది చూశావా?’’

గుండె జారింది. ఒక బైకు ముందు పట్టీ వేలాడుతోంది, బండి ఒకవైపు ఒరిగింది. కుదుపుకి స్ప్రింగు ఇంకాస్త అణగ్గానే పట్టీ క్షణంపాటు వదులై కొక్కెం జారిపోయింది. ఇంకొక్క మలుపు తిరిగుంటే బైకు వెనకొచ్చే కారుమీద పడేదే. సరిగ్గా మా వెనకే ఎవరో పిల్లల్తో వస్తున్నారు కూడా.

‘‘గడ్డిబండికి మోకు కట్టాక ఊరు దాటగానే ఆపి మళ్లీ బిగించేవాళ్లం. గడ్డి అణుగుద్ది, మోకు వదులవుద్ది. ఇదీ అంతేగా!’’ అన్నారు నాన్న. బయల్దేరిన పదిహేను కిలోమీటర్లకే ఆగి చూడాలని నాకూ తెలుసు. ఆగలేదు, అంతే. ఆ తర్వాత ప్రతి మజిలీలోనూ పట్టీలు గుంజి చూసే ఉద్యోగం ఆయనే తీసుకున్నారు.

మోయాబ్ చేరేసరికి కొండలు నిప్పుల్లా ఉన్నాయి. ఊరి పక్కనే శాండ్ ఫ్లాట్స్. డైనోసార్ల కాలంనాటి ఇసుక దిబ్బలు రాయిగా మారి, పరిచిన దుప్పటి ముడతల్లా కనిపిస్తాయి. ఇనుప నాడాలు వేసిన గుర్రాలు జారిపోయేవని దీన్ని ‘స్లిక్‌రాక్’ అన్నారట. రబ్బరు టైరుకి మాత్రం ఇంత పట్టు మరెక్కడా దొరకదు. గోడలాంటి వాలుమీద బైకు బల్లిలా పాకుతుంది! ఇక్కడి స్లిక్‌రాక్ బాటకి 1969లో గుర్తులు పెట్టింది మోటారు సైకిళ్ల కోసమే, తర్వాత సైకిలు వాళ్లు దానికి పేరు తెచ్చారు. ఏటీవీలకి అందులోకి ప్రవేశం లేదు, పక్కనున్న ‘ఫిన్స్ అండ్ థింగ్స్’ దారి ఉంది. తమ్ముడు మొదటి గంట కూర్చునే ఉన్నాడు. రెండో గంటకి హెల్మెట్ పెట్టుకున్నాడు. సాయంత్రానికి పిలిచినా రాలేదు.

ఆదివారం పొద్దున మళ్లీ ఎక్కించాలి. మిత్రుడు ఏటీవీ తాళం అందుకోబోతే తమ్ముడు అడ్డుకున్నాడు. ‘‘నేనెక్కిస్తా. తోలను’’ అన్నాడు. ర్యాంపు పట్టీలు తనే కట్టి, పట్టుకు లాగి చూసి, మళ్లీ లాగి చూశాడు. తొట్టి ముందువైపు బిగించిన చేతి విన్చి తాడు బండికి తగిలించి, పక్కన నిలబడి నెమ్మదిగా తిప్పాడు. పది నిమిషాలు పట్టింది. ఎవరం మాట్లాడలేదు. బండి తొట్టిలో సర్దుకున్నాక హ్యాండ్ బ్రేకు వేసి, నాలుగు మూలలా బిగించి, ‘‘నాన్నా, ఒకసారి చూడు’’ అన్నాడు.

నాన్న నాలుగు పట్టీలూ వేలితో మీటి చూశారు.

మొన్న ఆయన తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుతుంటే బట్టల కింద నా పట్టీలు రెండు కనిపించాయి. ‘‘మన ట్రాక్టరు ట్రక్కుకి పనికొస్తాయిరా’’ అన్నారు.