కాళంగి తెచ్చిన నల్లనీళ్లు

మా తడలో వాన తూర్పు నుంచి వస్తుంది, వరద పడమటి నుంచి వస్తుంది. కార్తీకంలో సముద్రం మీద లేచిన మబ్బు శ్రీహరికోట దాటి, పులికాట్ సరస్సు దాటి, మా ఇళ్లను తడిపి కంబాకం కొండల దాకా పోయేది. ఆ పడమటి కొండల్లో పడిన నీళ్లే వాగులుగా, కాళంగి నదిగా మళ్లీ సరస్సుకు దిగేవి. మా తాత వాన కంటే ఎక్కువగా ఆ నీళ్ల కోసం కాచుకునేవాడు.

1984 నవంబరు తుపాను నాటికి నాకు తొమ్మిదేళ్లు. గాలి అణిగి, బస్సులు మళ్లీ తిరగడం మొదలయ్యాక తాత నన్ను సూళ్లూరుపేట తీసుకెళ్లాడు. కాళంగి ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు కాచిన టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. మీద ఆకులు, పుల్లలు, గడ్డి దుబ్బులు, పేడ కొట్టుకుపోతున్నాయి.

"ఇంత చెత్తేంది తాతా?" అన్నాను.

"చెత్త కాదు అబ్బయా. పులికాట్‌కు ఏడాది కూడు పోతా ఉండాది. ఇది దిగితేనే రొయ్య."

కొన్నాళ్లకు వరద తీసింది. లోతు తక్కువ నీళ్లలో యానాది ఆడవాళ్లు నోట బుట్ట కరుచుకుని, రెండు చేతులతో అడుసు తడుముతూ రొయ్యలు పట్టేవాళ్లు. ఆ అడుసు నల్లగా, వెన్నలా ఉండేది. ఇంటికొచ్చాక కాళ్లు ఎంత కడుక్కున్నా ఆ వాసన పోయేది కాదు. జేజి పొయ్యి మీద రొయ్యల పులుసు ఉడుకుతుంటే ఆ రెండు వాసనలూ కలిసిపోయేవి.

ఆ నలుపు పేరు సేంద్రియ కర్బనమని చాలా ఏళ్లకు చదువుకున్నాను. అడవిలో రాలిన ఆకు చివికి, కొంత నీళ్లలో కరిగి డికాక్షన్ రంగు తెస్తుంది. కొంత సన్నటి బంకమట్టి రేణువులను అంటిపెట్టుకుని ఒండ్రుతో పాటు కదులుతుంది. ప్రపంచంలోని నదులన్నీ ఇలా ఏటా సుమారు 40 కోట్ల టన్నుల సేంద్రియ కర్బనాన్ని సముద్రాలకు చేరుస్తాయని శాస్త్రవేత్తల లెక్క. అందులో దాదాపు సగం కరిగినది, సగం మట్టితో వచ్చేది. చివికిన ఆకును సూక్ష్మజీవులు పడతాయి, వాటితో కలిపి ఆ ఆకును రొయ్య తింటుంది, రొయ్యను చేప తింటుంది. తాత చెప్పిన కూడు అక్షరాలా కూడే.

మా అమ్మవైపు చుట్టాలు పిచ్చాటూరు దగ్గర ఉండేవాళ్లు. అక్కడ అరణియార్ ఆనకట్ట 1958లో కట్టారు. ఆ అరణి నది కూడా కింద పులికాట్‌లోనే కలుస్తుంది. వేసవి సెలవుల్లో నీళ్లు వెనక్కి తగ్గిన చోట పిల్లలం కర్రతో అడుసును పొడిస్తే బుడబుడా బుడగలు లేచేవి. మాకది ఆట. కొండల నుంచి దిగిన ఆకు అక్కడే ఆగిపోయిందని, గాలి అందని అడుగున కుళ్లి మీథేన్ అవుతోందని అప్పుడు ఎవరికి తెలుసు? ఆ బుడగ పైకి వచ్చి పగిలితే భూమిని వేడెక్కించే వాయువు. మట్టి కింద భద్రంగా పూడిపోయిన కర్బనం గాలిలో కలవకుండా నిలుస్తుంది, అది నిజమే. కానీ కింద కాచుకున్న రొయ్యకు మాత్రం రెండు విధాలా అందదు.

పెద్ద నదుల్లో ఇదే కథ పెద్దగా జరిగింది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 1970లలో ఏటా సగటున 14 కోట్ల టన్నులకు పైగా ఒండ్రు మోసేది. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మట్టి ఆగిందంటే, దాన్ని పట్టుకున్న కర్బనమూ పైనే ఆగిందని అర్థం. 1996లో తెలుగుగంగ కాలువ మీద కృష్ణ నీళ్లు మా ప్రాంతం మీదుగా మద్రాసు వైపు వెళ్లాయి. మా ఊళ్ల వాళ్లు ఆనందంగా చూసి వచ్చారు. నేనూ ఆనందించాను. దాహం తీర్చే నీళ్లను తప్పు పట్టను. ఆ నీళ్లు తేటగా ఉన్నాయి. కృష్ణ నీళ్లు మా దాకా వచ్చాయి, కృష్ణ ఒండ్రు జలాశయాల అడుగునే ఉండిపోయింది.

ఇప్పుడు వానల తీరు కూడా మారుతోంది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది, అందుకే కురిసినప్పుడు కుండపోత. ఎండినన్నాళ్లూ రాలిన ఆకు కొండ మీదే పేరుకుంటుంది. ఆ తర్వాత ఒక్క వరద దాన్నంతా ఊడ్చుకొస్తుంది. నది మోసే కర్బనంలో పెద్ద వాటా కొద్దిపాటి వరద రోజుల్లోనే దిగుతుంది. ఆ రోజుల్లో గేట్లు ఎప్పుడు ఎత్తారు, అడుగు తూములు తెరిచారా లేదా అన్నదే కింద సరస్సు ఏడాదంతా ఏం తింటుందో తేలుస్తుంది. ఆనకట్టలు నడిపేవాళ్లు నీటి లెక్క పక్కనే ఒండ్రు లెక్క కూడా రాసుకోవాలని నా కోరిక. వేసవిలో మా తాత చెరువు మట్టిని బండ్లకెత్తి చేలకు తోలించేవాడు. ఆగిన ఒండ్రును కదిలించాలన్న తెలివి మనకు కొత్తది కాదు.

2015 నవంబరు వానలకు కాళంగి పొంగింది. వరద తగ్గు ముఖం పట్టాక వెళ్లి, తాతతో నిలబడిన ఒడ్డునే నిలబడ్డాను. నీళ్లు అదే డికాక్షన్ రంగు. ఒడ్డున చిక్కుకున్న ఒక ఆకును తీసి చూశాను. ఈనెలు మాత్రం మిగిలి, మెత్తగా చివికి ఉంది. దాన్ని మళ్లీ ప్రవాహంలో వదిలాను. అది చేరాల్సిన చోటు ఇంకా కింద ఉంది.