తేలికైన పేజీ

14 మే 2011, తిరుమలగిరి
సిగ్నల్ ఉన్నా నెట్ కదలదు. ఈ 2జీలో సెకనుకు 40 కిలోబిట్లు అందినా, ఒక ఎంబీ పేజీ దిగడానికి మూడున్నర నిమిషాలు. అదే పేజీ ఒపేరా మినీ బ్రౌజర్‌లో గబగబా వచ్చేస్తుంది. ఫోను సైటును నేరుగా అడగదు, ఒపేరా సర్వర్‌ను అడుగుతుంది. ఆ సర్వరే పేజీని తెచ్చుకొని, బొమ్మలను కుదించి, అక్కర్లేనివి తీసేసి పంపుతుంది. కల్లంలోనే తూర్పారబట్టి గింజలు ఇంటికి చేర్చినట్టు.

20 మే
కీప్యాడ్ ఫోనులో తెలుగు ఫాంటు లేదు, అన్నీ డబ్బాలే. పక్కింటి తమ్ముడు ఒపేరా మినీలో కాన్ఫిగ్ పేజీ తెరిచి బిట్‌మ్యాప్ ఫాంట్ల దగ్గర 'యెస్' పెట్టాడు. ఇప్పుడు సర్వరే అక్షరాలను బొమ్మలుగా గీసి పంపుతోంది. డేటా కొంచెం ఎక్కువే పడుతుంది. కానీ తెలుగు వికీపీడియా నా చేతిలో తెరుచుకుంది. ఆ ఖర్చు దండగ కాదు.

3 జూన్
"అన్నా, బ్యాంకు పాస్‌వర్డు గూడ గిండ్లనే కొట్టాల్నా?" అని అడిగాడు తమ్ముడు. వద్దన్నాను. కుదించాలంటే పేజీని సర్వర్ విప్పి చూడాల్సిందే. వార్తలకు, పరీక్ష ఫలితాలకు సరే. డబ్బు సంగతికి పనికిరాదు.

20 నవంబర్ 2016
అక్టోబర్ 11 నుంచి మాది సూర్యాపేట జిల్లా. సెప్టెంబర్ 5న వచ్చిన జియో ఏడాది చివరిదాకా ఉచితం. డేటా ఆదా మాట ఎవరి నోటా లేదు.

6 సెప్టెంబర్ 2020
1వ తేదీ నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో బడిపిల్లలకు డిజిటల్ పాఠాలు. టీవీ లేని ఇంట్లో ఫోనే దిక్కు. "మధ్యాహ్నానికే నెట్ అయిపోతుంది సార్" అంది ఒక పాప. వీడియో ముందే కుదించి వస్తుంది, మధ్యలో ఒపేరా సర్వర్ లాంటి ప్రాక్సీ పెట్టినా పెద్దగా తగ్గదు. నాణ్యతను 240పీకి దించుకోవడం నేర్పాను.

10 ఏప్రిల్ 2022
గత నెలాఖరున వచ్చిన క్రోమ్ 100తో గూగుల్, డేటా ఆదా చేసే లైట్ మోడ్‌ను తీసేసింది. చాలా దేశాల్లో డేటా చవకైందన్నది వాళ్లు చెప్పిన ఒక కారణం. ఇప్పుడు దాదాపు ప్రతి సైటుకూ హెచ్‌టీటీపీఎస్ తాళం ఉంది. దాన్ని మధ్యలో ఎవరూ విప్పకపోవడమే మంచిది. అలాంటప్పుడు బరువు దించాల్సింది పేజీ తయారుచేసేవాళ్లే.

17 ఏప్రిల్
ఒక నోటీసు తెరిచాను. ఒక్క పేజీ, స్కాన్ చేసిన ఫొటో, కొన్ని ఎంబీలు. యూనికోడ్‌లో మామూలుగా తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. రెండువేల గుర్తులున్న నోటీసును టైపు చేసి పెడితే ఆరు కిలోబైట్లు. వెతికితే దొరుకుతుంది, చూపు లేనివాళ్లకు ఫోనే చదివి వినిపిస్తుంది.

పేజీలు పెట్టే అధికారులారా, పత్రికలవారా, నోటీసును అక్షరాలుగా పెట్టండి, ఫొటోలను ముందే కుదించండి. నెలాఖరులో రీచార్జ్ చేయించుకోలేని మనిషికి కూడా ఆ పేజీ తెరుచుకోవాలి.