పిక్కమీద చుక్క

మనిషి యేదైనా ఘనకార్యం చేస్తే నలుగురికీ చెప్పుకోవాలని వుంటుంది. తనంత తాను చెప్పుకోవడానికి సిగ్గూ వేస్తుంది. ఎవరైనా అడిగితే బాగుండునని యెదురుచూస్తాడు. అలా అడిగించుకోవడానికి పచ్చబొట్టును మించిన ఉపాయం లేదు.

గోవాలో 2019లో 'ఐరన్‌మాన్ 70.3' అనే పోటీ మొదలయింది. సముద్రంలో 1.9 కిలోమీటర్లు ఈది, ఆ తడిబట్టలతోనే 90 కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఆపైన 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి. మైళ్ళలో కూడితే 70.3. పేరు అందుకే. దీని పెద్దన్న పుట్టింది హవాయి దీవుల్లో. 1978 ఫిబ్రవరిలో 15 మంది బయలుదేరితే 12 మంది గమ్యం చేరారు. ఆ పోటీలో దూరాలన్నీ దీనికి రెట్టింపు. ముగించినవాళ్ళలో చాలామంది పిక్కమీద ఇంగ్లీషు 'ఎం' అక్షరమూ, దాని నెత్తిన ఒక చుక్కా పొడిపించుకుంటారు. చూస్తే అక్షరానికి తలకాయ మొలిచినట్టుంటుంది.

నేను 53వ యేట గోవా పోటీ ముగించాను. మా నాన్నగారు 52వ యేట గుండెజబ్బుతో పోయారు. ఆ వయసు దగ్గరపడుతున్నకొద్దీ నాకు నిద్ర పట్టేది కాదు. డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి సరేనన్నాక మొదలుపెట్టాను. తెల్లవారుజామున నెల్లూరునుంచి మైపాడుకు సుమారు పాతిక కిలోమీటర్లు సైకిలు, అక్కడ ఇసుకలో పరుగు. ఈతకు దిగితే ఒక పట్టపు కుర్రాడు పడవ వేసుకుని పక్కనే వచ్చేవాడు. మైపాడు కెరటంతో పరాచికాలు కుదరవు.

గోవానుంచి తిరిగివచ్చాక ఆ ముద్ర నా పిక్కమీదా వుండాలనిపించింది. ఇంట్లో సభ తీరింది.

"నా పేరు పొడిపించుకున్నా అర్థముంది. అది వాళ్ళ కంపెనీ ముద్రట గదా! డబ్బు కట్టిందీ మీరే, పరుగెత్తిందీ మీరే, ప్రకటన మాత్రం వాళ్ళకా?" అంది మా ఆవిడ.

మెడిసిన్ చదివే మా అమ్మాయి నా పక్షం. సిరా చర్మం రెండో పొరలో దిగుతుందనీ, అక్కడి కణాలు దాన్ని మింగి పట్టుకుంటాయనీ చెప్పింది. ఆ కణాలు చచ్చిపోతే, వాటి చోటికి వచ్చిన కొత్తకణాలు అదే సిరాను మళ్ళీ మింగుతాయట. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఎలుకలలో చూసి 2018లో ప్రకటించారు. పోయేవాడు వదిలింది వచ్చేవాడు అందుకోబట్టే ముద్ర నిలుస్తుందన్నమాట. అది విన్నాక నాకు నాన్నగారే గుర్తొచ్చారు.

"అయితే సూది కొత్తదో కాదో చూసుకోవాలి నాన్నా! పొడిపించుకున్నాక రెండుమూడు వారాలు సముద్రంలో దిగకూడదు. యేడాదిపాటు రక్తదానం కుదరదు" అని కూడా తనే అంది. యేటా రెండుసార్లు రక్తం ఇవ్వడం నాకు అలవాటు.

మా మేనత్తకు 85 యేళ్ళు. ముంజేతిమీద మూడు చుక్కలున్నాయి. చిన్నప్పుడు ఎరుకలావిడ సూదులు కట్టగట్టి, మసీ పసరూ కలిపి పొడిచిందట.

"నేను ఏడుస్తుంటే మా అమ్మ కదలకుండా పట్టుకుంది. కావాలా అని నన్నెవరూ అడగలేదబ్బయ్యా! పోయేటప్పుడు వెంటవచ్చే నగ ఇదొక్కటేనన్నారు. నిన్నెవరు పొడిపించుకోమన్నారు?" అంది.

సమాధానం తోచలేదు.

మైపాడులో పడవ కుర్రాణ్ణి అడిగాను. అతని ముంజేతిమీద వాళ్ళమ్మ పేరుంది. "అమ్మ పేరైతే సరే సార్. వేటకు పోయి తిరిగొచ్చినందుకల్లా పొడిపించుకుంటే మాకు ఒంట్లో చోటు చాలదు" అన్నాడు.

గోవాలో నేను దాటింది 113 కిలోమీటర్లు. నాకంటే వేగంగా దాటినవాళ్ళు బోలెడుమంది. నాకు జ్ఞాపకం వుండవలసింది ఆ దూరం కాదు. నాన్నగారు ఆగినచోటు దాటి, ఆయన చూడని వయసులో అడుగుపెట్టాను. దానికి కంపెనీవారి అక్షరం సరిపోదు.

"'ఎం' వద్దు. దాని నెత్తిన చుక్క ఒక్కటీ చాలు" అన్నాను ఇంటికి వచ్చి.

మా ఆవిడ కాసేపు నావంక చూసింది. "పోనీ లెండి. మీ మేనత్తగారి చేతిమీద చుక్కలా వుంటుంది" అంది.

వచ్చేనెల రక్తం ఇచ్చి వచ్చాకనే పొడిపించుకుంటాను. అదేమిటని అడిగినవారికి మా నాన్నగారి సంగతి చెబుతాను. అడగనివారికి అది వట్టి పుట్టుమచ్చ.