తలకాయ నొప్పే గదా!

బీడీల చాట ఒళ్ళో ఉండగానే అమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. "బిడ్డా, నెత్తిల గొడ్డలితోని కొట్టినట్టయింది" అంది. 2011 వేసవి. టీచర్ని కదా, సెలవులకు కోరుట్ల వచ్చి ఉన్నాను. "నీకెప్పుడూ తలకాయ నొప్పే గదమ్మా" అని అమృతాంజనం రాసి గోలీ ఇచ్చింది నేనే. వాంతి చేసుకుంది. మెడ వంచలేకపోయింది. ఊళ్ళో ఆర్ఎంపీ పైత్యమని సూది వేశాడు. తెల్లవారుజామున ఒక్క అరుపు అరిచి పడిపోయింది. కరీంనగర్‌లో స్కాన్ తీసి మెదడు చుట్టూ రక్తం చేరిందన్నారు. అక్కడి నుంచి హైదరాబాదు 160 కిలోమీటర్లు. అమ్మ దారిలోనే పోయింది.

ఏమైందో తర్వాత చదివి తెలుసుకున్నాను. మెదడు అడుగున రక్తనాళం గోడ ఒకచోట బలహీనపడి బుగ్గలా ఉబ్బుతుంది. దాన్ని ఎన్యూరిజం అంటారు. అది పగిలితే రక్తం మెదడు పొరల మధ్య పరుచుకుంటుంది. నొప్పి క్షణంలో శిఖరానికి చేరుతుంది. మొదటి ఆరు గంటల్లో సీటీ స్కాన్ తీస్తే దాదాపు తప్పకుండా కనబడుతుంది. రెండోసారి పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. ఆలోగా పుర్రె తెరిచి క్లిప్ పెట్టిగానీ, తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని తీగచుట్టలు పంపిగానీ ఆ బుగ్గను మూసేయవచ్చు. వాల్టర్ డాండీ మొదటి క్లిప్ పెట్టింది 1937లో. మా అమ్మ అప్పటికింకా పుట్టనే లేదు.

అధిక రక్తపోటు, పొగతాగడం ఈ జబ్బుకు దారితీస్తాయి. యాభై దాటాక మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువగా వస్తుంది. బీడీలు చుట్టడం వల్లే వచ్చిందని నేననను. కానీ పొద్దంతా తంబాకు ఘాటులో తలవంచి కూర్చునే ఆడదానికి తలనొప్పి రోజూ ఉండేదే. వెయ్యి బీడీలు కానిదే లేవలేదు. అందుకే అసలు నొప్పి వచ్చిన రోజున కూడా అది రోజువారీ నొప్పిలో కలిసిపోయింది. అమ్మ బీపీ ఎంతో ఒక్కరం చూడలేదు. ఆదిలాబాద్ అడవుల్లో ఎండకు తునికాకు తెంపే ఆడవాళ్ళ సంగతి చెప్పేదేముంది? హైదరాబాదు వాళ్ళకు ఇంకెంతో దూరం.

ఇప్పుడు ఏ ఆడమనిషి తలకాయ నొప్పి అన్నా రెండు మాటలు అడుగుతాను. ఒక్కసారే వచ్చిందా? ఇంత నొప్పి ఎన్నడైనా ఎరుగుదువా? ఆ రెండు మాటలూ అమ్మనొక్కదాన్నే అడగలేదు.