ఒకే మొగులు – మూడు ఊళ్ళు

మాఘ మాసంలో కోరుట్ల పోయేవారిని ముందుగా పలకరించేది పసుపు వాసన. ఉడికించిన కొమ్ములను కల్లాలలో పరచి, పది పదిహేను రోజులు ఎండబెడతారు. ఆ రోజుల్లో రైతు చూపు కొమ్ముల మీద కంటె మొగులు మీదే ఎక్కువ. మొగులంటే మబ్బు పట్టిన ఆకాశం. నాలుగు చినుకులు రాలాయా, ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని కల్లానికి పరుగే! తడిసిన కొమ్ముకు రంగు తగ్గుతుంది. రంగుతోపాటు ధరా తగ్గుతుంది. తొమ్మిది నెలల కష్టం ఒక్క జల్లుకు లోకువ.

అక్కడికి పాతిక కిలోమీటర్లలో జగిత్యాల. ఆ తోటలలో అప్పుడు మామిడి పూత మీద ఉంటుంది. పూతకు చలి కావాలి గాని, మబ్బూ మంచూ కూడితే తెగులు సోకుతుంది. ఆపైన వడగళ్ళు పడితే పిందె నేలపాలే.

సిరిసిల్లలో వరస వేరు. అక్కడ వీధుల నిండా సాంచాల చప్పుడు. వేసవిలో రేకుల కప్పు కింద పొడిగాలికి నూలు పోగు పెళుసెక్కి తెగుతుంది. కోరుట్ల రైతు వద్దనే తేమే సిరిసిల్ల నేతగానికి కావాలి. 2016లో జగిత్యాల, సిరిసిల్ల వేర్వేరు జిల్లాలైనాయి. మొగులుకు ఆ సరిహద్దు తెలియదు కదా!

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఋతువును వెలుతురు చెబుతుంది. నడివేసవిలో పగలు పద్ధెనిమిది గంటలు దాటితే, నడిచలికాలంలో ఆరు గంటలే. వానో మంచో ఏడాది పొడుగునా ఉంటుంది. మనకు పగటిలో తేడా రెండు గంటలకు కాస్త ఎక్కువ, అంతే. ఇక్కడ ఋతువును చెప్పేది నీరు. ఏడాది వానలో నాలుగింట మూడు వంతులకు పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది.

ప్రబంధాలు చెప్పేటప్పుడు నేను ఆరు ఋతువుల పేర్లు చెబుతాను. రైతు లెక్క అంతకంటె సన్నం. ఆయనకు 27 కార్తెలు. ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. రోళ్ళు పగిలే రోహిణి గడిచి మృగశిర, ఇక్కడివారి మాటలో మిరుగం, రాగానే ఇంటింటా చేపల కూర ఘుమఘుమలు. కోరుట్లలో పసుపు విత్తనం నేలలోకి దిగుతుంది. జగిత్యాలలో వరి నారుకు మడి తడుస్తుంది. సిరిసిల్లలో రేకుల కప్పు చల్లబడి పోగు నిలుస్తుంది.

ఫాల్గుణంలో పడితే కంట తడి పెట్టించేదీ, మిరుగంలో పడకపోతే గుండె తడి ఆర్చేదీ ఆ వానే. దాని రాక ఆలస్యమైన ఏడు, ఈ మూడు ఊళ్ళ బజారులో బేరం అడిగే గొంతు కూడా మెత్తబడుతుంది.